మూడు జిల్లాల కొస

మా ఊళ్ళో మిరపకాయ పండుతుంది. అంతకు మించి మా ఊరిని గురించి గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. చిలకలూరిపేటకు నాలుగు మైళ్ళ దూరం. నల్లరేగడి నేల. వాన పడితే కాలిచెప్పులు లాక్కునే బంక, ఎండ కాస్తే మడమ దూరేంత బీట. ఆ నేలలోనే పత్తి తెల్లగానూ, మిరప ఎర్రగానూ పండుతాయి. సంక్రాంతి వెళ్ళిందంటే కల్లాలన్నీ కుంకుమ ఆరబోసినట్లు ఉంటాయి. దారిన పోయేవాళ్ళంతా తుమ్ముతూ పోతారు. మా ఊరి అల్లుళ్ళు పండుగ వెళ్ళగానే ప్రయాణం కట్టడానికి కారణం అత్తవారి మర్యాద తగ్గడం కాదనీ, ఈ ఘాటేననీ మా అమ్మ అంటూ ఉండేది.

సంక్రాంతి తర్వాత మా ఊరికి వచ్చే చుట్టాలు మరొకరున్నారు. వాళ్ళు లారీలమీద వచ్చేవారు. కనిగిరి నుంచి, మార్కాపురం నుంచి, యర్రగొండపాలెం నుంచి ఊళ్ళకు ఊళ్ళు తరలివచ్చేవి. చట్టీ, చాపా, కోడిపిల్లా, పసిబిడ్డా అన్నీ ఆ లారీలోనే. కల్లం ప్రక్కన తాటాకు పాకలు వేసుకుని, ఉగాది దాకా మిరప కోసి, టిక్కీలకు తొక్కి, గుంటూరు యార్డుకు బండ్లు కదిలాక తిరిగి వెళ్ళిపోయేవారు. వాళ్ళ ఊళ్ళు ఎక్కడున్నాయో మాకు తెలియదు. "పడమటోళ్ళు" అనేవాళ్ళం. అంతటితో మా భూగోళ పాఠం ముగిసేది.

ఆ పడమటివాళ్ళలో ఒకావిడ ప్రతి ఏడూ మా పొలానికే వచ్చేది. ఇరవై అయిదేళ్ళుంటాయేమో అప్పుడామెకు. తిరుగు ప్రయాణం రోజున అందరూ కూలిడబ్బుతో బట్టలో, ఎండు మిరపకాయలో మూట కట్టుకుంటే, ఈవిడ మాత్రం రెండు పెద్ద నూనె డబ్బాలు శుభ్రంగా తోమి, మా ఊరి మంచినీళ్ళ చెరువులో నీళ్ళు నింపి, మూతలకు గుడ్డ బిగించి లారీ ఎక్కించేది. నీళ్ళు! బంగారంలా మోసుకుపోయేది. మా పిల్లలందరికీ అది ఒక వినోదం.

1974లో, నాకు పదునాలుగేళ్ళప్పుడు, ఒక వెధవ పని చేశాను. లారీ బయలుదేరబోయే ముందు, ఎవరూ చూడకుండా, ఆ రెండు డబ్బాలూ ఒంపేశాను. ఆమె వచ్చి చూచింది. ఎవరినీ ఏమీ అనలేదు. ఖాళీ డబ్బాలు రెండూ తీసుకుని మళ్ళీ చెరువుకు నడిచింది. లారీవాడు హారన్ కొడుతూ తిట్టాడు. లారీలోనివాళ్ళూ విసుక్కున్నారు. ఆమె నిండిన డబ్బాలతో రొప్పుతూ వచ్చి ఎక్కింది. నేను గడ్డివామి వెనుక నుంచి చూచి నవ్వుకున్నాను.

తర్వాత బడిపంతులునయ్యాను. ముప్ఫయ్యేళ్ళకు పైగా పిల్లలకు భూగోళం చెప్పాను. నైలునదీ, సహారా ఎడారీ, ఆస్ట్రేలియా గొఱ్ఱెలూ అన్నీ చెప్పాను. ఆ డబ్బాలలోని నీళ్ళ సంగతి మాత్రం ఎన్నడూ చెప్పలేదు. అదేమిటో తెలిసినప్పటినుంచీ చెప్పే ముఖం లేకపోయింది.

అవ్వగారి కాగితం

2025 ఫిబ్రవరిలో మా ప్రక్క పొలంలో కోతకు వచ్చిన ముఠాలో ఒక కుర్రవాడు నా దగ్గరికి వచ్చాడు.

"మాస్టారూ, ఈ కాగితం కాస్త చదివి చెప్తారా?" అన్నాడు.

చదివాను. వాళ్ళ అవ్వ పేరున రెండెకరాల పట్టా భూమి ఉన్నది. ఏ కలం చేసిన తప్పో, ఆ సర్వే నంబరు అమ్మకూడని భూముల జాబితాలో చేరింది. ఆ జాబితాలో ఉన్నంతకాలం అమ్మడానికి లేదు, బ్యాంకులో పెట్టి అప్పు తేవడానికీ లేదు. చెల్లెలు నర్సు చదువులో చేరింది. రెండో ఏటి ఫీజు కట్టాలి. మండలంలో మూడుసార్లు అర్జీ ఇచ్చారు. ఆ జాబితానుంచి తీసే అధికారం జిల్లా కలెక్టరుది, ఒంగోలు వెళ్ళి సోమవారం అర్జీ పెట్టుకోండి అన్నారు.

"అయితే వెళ్ళు. ఇక్కడినుంచి ఒంగోలు ఎంత దూరమని! పెద్ద రోడ్డుమీద బస్సెక్కితే గంటన్నర."

"అసలు కాగితాలు మా అవ్వ దగ్గరున్నాయి మాస్టారూ. ఊరికి పోయి తేవాల. ఊరినుంచి ఒంగోలు పోవాల. మళ్ళా కోతకు రావాల. మూడు నాలుగు దినాల కూలి పోద్ది."

అప్పుడు తట్టింది నాకు. కూలికి వచ్చిన పరాయి జిల్లానుంచి అతని జిల్లా కార్యాలయం దగ్గర. సొంత ఊరినుంచి దూరం! ఇటువంటి చిత్రం ఏ భూగోళం పుస్తకంలోనూ లేదు.

ఊరు ఏదని అడిగాను. చెప్పాడు. వాళ్ళ అవ్వ మా ఊరు కోతలకు వచ్చేదా అని అడిగాను. "మీ కల్లానికే వచ్చేదంట గదా. మీ అమ్మగారి గోంగూర పచ్చడి గురించి ఇప్పటికీ చెప్తది" అన్నాడు.

ఇంటికి వచ్చి మా ఆవిడతో డబ్బాల కథ మొదటిసారి చెప్పాను. పెళ్ళయి నలభై ఏళ్ళయింది. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత, "శనివారం మీరూ వాడితో వెళ్ళిరండి. ఇరవై లీటర్ల క్యాను ఒకటి నింపి ఇస్తాను. మోయలేనని మాత్రం అనకండి" అన్నది. అనలేదు.

బస్సు కిటికీలోనుంచి

అద్దంకి దాకా నేల మాదే. నల్లగా, నిండుగా ఉంటుంది. శనగ, పొగాకు, మిరప. అద్దంకి దగ్గర గుండ్లకమ్మ దాటాం. దర్శి దాకా అక్కడక్కడ సాగరు కాలువ పచ్చదనం కనబడుతుంది. నాగార్జునసాగరు కుడికాలువకు 1967లో నీరు వదిలారు. మా పల్నాటి తాలూకాల జాతకం ఆ ఏడాదితో మారింది. దర్శి దాటి పొదిలి వైపు తిరిగేసరికి ఎవరో పచ్చరంగు తుడిచివేసినట్లు నేల ఎర్రబడుతుంది. రాళ్ళు తేలుతాయి. కంది మోళ్ళు, ఆముదపు చెట్లు, వాటి మధ్య సర్కారు తుమ్మ పొదలు. ఊరికీ ఊరికీ నడుమ దూరం పెరుగుతుంది. మనుష్యులకంటె మేకలెక్కువ కనిపిస్తాయి.

కాలువ ఎందుకు ఇటు రాలేదని మీరడగవచ్చు. నీరు పల్లమెరుగునన్నారు పెద్దలు. కాలువ అన్నది మిట్టనుంచి పల్లానికి పోతుంది. ఈ సీమ కాలువకంటె మిట్ట. అంతే సంగతి. దేవుడు వ్రాసిన వ్రాతకంటె ఇంజనీరు చూచిన మట్టం ఇక్కడ గట్టిది.

వానల సంగతీ అంతే. నైరుతి మబ్బు పడమటి కనుమల దగ్గర సగం బరువు దించుకుని, పీఠభూమి దాటి, నల్లమలనూ వెలిగొండలనూ ఎక్కి దిగేసరికి వట్టి గాలిగా మిగులుతుంది. ఈశాన్యపు వాన సముద్రం మీదనుంచి వచ్చి కోస్తాలో కురిసి, లోపలికి వచ్చేకొద్దీ అలసిపోతుంది. రెండు వానలకూ చివరి పంక్తిలో కూర్చున్నవాళ్ళు ఈ సీమవారు. వడ్డన తమదాకా వచ్చేసరికి గిన్నె ఖాళీ.

ఎడారి అనగానే మనకు ఇసుక, ఒంటె జ్ఞాపకం వస్తాయి. రాజస్థానంలో జైసల్మేరు అని ఒక జిల్లా ఉన్నది. 38,401 చదరపు కిలోమీటర్లు. ఇంచుమించు కేరళ రాష్ట్రమంత. 2011 జనాభా లెక్కలలో అక్కడ చదరపు కిలోమీటరుకు 17 మంది. అది నిజమైన ఎడారి. మన ప్రకాశం జిల్లా అటువంటిది కాదు. అదే లెక్కలలో 17,626 చదరపు కిలోమీటర్ల జిల్లాకు సుమారు 34 లక్షల జనం, చదరపు కిలోమీటరుకు 193 మంది. కాని ప్రక్కనున్న గుంటూరులో అప్పుడు 429 మంది! పైగా ప్రకాశంలోని జనం చాలావరకు సముద్రం వైపు ఒత్తుకుని ఉన్నారు. ఒంగోలు, చీరాల వైపు చిక్కగా, మార్కాపురం, గిద్దలూరు వైపు పలచగా. పెరుగులో మీగడ ఒక ప్రక్కకు చేరినట్లు. నల్లమల అడవిలోకి వెళితే ఇక చెంచుగూడేలూ, పులుల అభయారణ్యమూను. శ్రీశైలం పోయే భక్తులు దోర్నాల దగ్గర బస్సు కిటికీలోనుంచి చూచే ఆ కొండలు ఈ సీమకు పడమటి గోడ.

మూడు ఇళ్ళ ముద్దుబిడ్డ

పొదిలిలో బస్సు మారాం. టీకొట్టు దగ్గర ఒక పెద్దాయనతో మాట కలిసింది. పాతకాలపు గుమాస్తా అట. తాలూకా కచేరీలో పనిచేసి విరమించారు.

"మాది ముందు నెల్లూరు జిల్లానండీ," అన్నారాయన. "పొదిలి, దర్శి, కనిగిరి, కందుకూరు అన్నీ నెల్లూరే. కలెక్టరాఫీసుకు పోవాలంటే నెల్లూరు పోవాలి. మార్కాపురం, గిద్దలూరు వాళ్ళది కర్నూలు. వాళ్ళు రైలెక్కి నల్లమల దాటి నంద్యాల దిగి, అక్కడినుంచి కర్నూలు. ఒంగోలు వాళ్ళది గుంటూరు. ముగ్గురికీ మేము కొసనే. కొసన ఉన్నవాడికి ఏ ఇంట్లోనయినా చివరి ముద్దే."

ఆయన చెప్పింది చరిత్ర. 1858లో కర్నూలు జిల్లాను కూర్చినప్పుడు కంభం, మార్కాపురం ప్రాంతాలను కడపనుంచి తీసి అందులో కలిపారు. 1904లో గుంటూరు జిల్లా పుట్టినప్పుడు ఒంగోలును నెల్లూరునుంచి తీసి ఇందులో కలిపారు. 1970 ఫిబ్రవరి 2వ తేదీన ఈ మూడు జిల్లాల కొసలనూ ముడివేసి ఒంగోలు జిల్లా అన్నారు. ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులుగారు పుట్టిన వినోదరాయునిపాలెం ఇక్కడే గనుక, 1972లో దానికి ప్రకాశం జిల్లా అని పేరు పెట్టారు. ముడి అయితే పడింది గాని, ముడి ఒంగోలులో పడింది. ఒంగోలు సముద్రానికి కూతవేటు. గిద్దలూరు నల్లమల ఒడిలో. నడుమ నూటయాభై కిలోమీటర్ల దాకా ఉంటుంది. నెల్లూరు దూరం తగ్గింది, కర్నూలు కొండ తప్పింది. నిజమే. కాని కొస కొసగానే ఉండిపోయింది.

తర్వాత 1984లో కరణాలు పోయారు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. కచేరీ కొంత దగ్గరికి వచ్చింది. 2022 ఏప్రిల్లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు మా చిలకలూరిపేట పల్నాడు జిల్లాలోకి వెళ్ళింది. చీరాల, పర్చూరు, అద్దంకి బాపట్ల జిల్లాలోకి, కందుకూరు నెల్లూరులోకి వెళ్ళాయి. కనిగిరిలో రెవిన్యూ డివిజను పెట్టారు. పచ్చటి తీరం చాలావరకు విడిపోయి, మెట్ట సీమ మాత్రం ఒంగోలుతో మిగిలింది.

"మా నాయన జమాబందీకి వెళ్ళాలంటే వారం ముందు సద్ది కట్టించుకునేవాడు. ఇప్పుడు ఒక్క రోజులో పోయి వస్తున్నాం. అదీ అభివృద్ధే. కాకపోతే ఆ ఒక్క రోజు కూలి ఎవరిస్తారండీ?" అని పెద్దాయన టీ డబ్బులు నన్ను ఇవ్వనివ్వకుండా తానే ఇచ్చారు.

తాళం వేసిన వీధి

కనిగిరికి పడమర, వెలిగొండల నీడలో ఉన్నది వాళ్ళ ఊరు. మేము చేరేసరికి సాయంకాలం. వీధి మొదటినుంచి చివరిదాకా తాళాలు. కోతల కాలం గదా! ఊరు ఊరంతా మా వైపున ఉన్నది. ముసలివాళ్ళు అరుగులమీద, బడికిపోయే పిల్లలు వాళ్ళ దగ్గర. మా ఊరి కల్లాలు ఎర్రగా నిండిన రోజులలో ఈ ఊరి వీధులు ఎట్లా ఉంటాయో నేను ఎన్నడూ ఊహించలేదు.

అవ్వ గుమ్మంలో కూర్చుని ఉన్నది. నడుము పూర్తిగా వంగిపోయింది. మెడ త్రిప్పాలంటే మనిషి మొత్తం తిరగాలి. కాళ్ళు విల్లులా ఉన్నాయి. కళ్ళు మాత్రం అవే.

దీనికి కారణం ఎక్కడో లేదు. బోరు నీళ్ళలో ఉన్నది. ఈ సీమలోని కొన్ని రాళ్ళలో ఫ్లోరైడు ఉంటుంది. వానలు చాలక నీటిమట్టం దిగిన కొద్దీ బోరు లోతుకు పోతుంది. లోతున చాలాకాలం రాతిని ఒరుసుకుని ఉన్న నీటిలో అది కరిగి ఉంటుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ప్రమాదం. ముందు పళ్ళు గారపడతాయి. ఏళ్ళ తరబడి త్రాగితే ఎముకలూ కీళ్ళూ బిగుసుకుపోతాయి. మనదేశంలో ఈ జబ్బును గురించి వైద్యులు మొదట వ్రాసింది ఈ నేలను చూచే. 1937లో, ఇది మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాగా ఉన్న రోజులలో, ఆ వివరాలు వైద్యపత్రికలో వెలువడ్డాయి. అంటే ఆ రోజు నేను ఒంపేసిన డబ్బాలకు ముప్ఫయి ఏడేళ్ళ ముందే శాస్త్రానికి తెలుసు. అవ్వకు శాస్త్రం తెలియదు. మా చెరువు నీళ్ళు త్రాగిన మూడు నెలలూ మోకాళ్ళు తేలికగా ఉండేవని మాత్రం తెలుసు. చంటిబిడ్డకు ఆ నీళ్ళే పట్టాలని రెండు డబ్బాలు మోసుకుపోయేది.

క్యాను దించి ఆమె ముందు పెట్టాను. ఎట్లా చెప్పాలో తెలియక, బడిలో తప్పు ఒప్పుకునే పిల్లవాడిలాగా నిలబడి చెప్పేశాను.

అవ్వ కళ్ళు చికిలించి నన్ను చూచింది. "ఆ యాల ఒంపింది నువ్వా సిన్నయ్యా? మీ తమ్ముడనుకొని ఇన్నేళ్ళూ వాణ్ణి తిట్టుకుంటన్నా గదా!" అని నోరారా నవ్వింది. మనుమడూ నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

"మీ అమ్మకు తెలుసు," అన్నది కాసేపాగి. "మరుసటేడు కోతకొచ్చినప్పుడు డబ్బాలు రెండు కాదు, నాలుగు ఇచ్చింది. ఎందుకమ్మా అంటే, ఉండనీ అన్నది."

మా అమ్మ పోయి పద్దెనిమిదేళ్ళు. ఆ సంగతి నాతో ఎన్నడూ అనలేదు.

అయిదు వందల ఏళ్ళ చెరువు

ఆదివారం కార్యాలయాలుండవు. కుర్రవాడు మోటారు సైకిలు సంపాదించి నన్ను కంభం తీసుకుపోయాడు. త్రోవలో మార్కాపురం చూచాం. చెన్నకేశవస్వామి దర్శనమయింది. ఈ ఊరి పేరు తెలియని వారికి కూడా ఈ ఊరి రాయి తెలుసు. మనలో చాలామంది ఓనమాలు దిద్దిన పలక మార్కాపురం పలకే. నేలతల్లి నీళ్ళివ్వకపోయినా అక్షరాలిచ్చిందన్నమాట.

కంభం చెరువు చూచి తీరవలసినది. రెండు కొండల నడుమ ఇరుకు సందులో గుండ్లకమ్మకు అడ్డంగా కట్ట వేశారు. విజయనగర రాజుల కాలం నాటిది. రాజకుమార్తె వరదరాజమ్మ కట్టించిందని ప్రతీతి. కట్ట ఎత్తు 57 అడుగులు. 430 చదరపు మైళ్ళ మీద పడిన వాన ఈ చెరువుకు చేరుతుంది. యంత్రం లేదు, సిమెంటు లేదు. ఎక్కడ వేస్తే చిన్న కట్టతో పెద్ద చెరువు నిలుస్తుందో ఆ రోజుల్లో చూచినవాడి కన్ను ఎటువంటిదో! అంతర్జాతీయ నీటిపారుదల సంఘం వారు 2020లో దీనిని ప్రపంచ వారసత్వ నీటి కట్టడాలలో చేర్చారు. అద్దంకి దగ్గర నేను దాటి వచ్చింది ఈ గుండ్లకమ్మనే. పుట్టినిల్లు నల్లమల. మా వైపు అత్తవారింటికి వచ్చినట్లు వచ్చి సముద్రంలో కలుస్తుంది. పడమటి కూలివాళ్ళ దారీ, ఏటి దారీ ఒకటే.

కట్టమీద నిలబడి కుర్రవాడు ఉత్తరంగా చేయి చాపి చూపించాడు. "అటు వెలిగొండ సొరంగాలు మాస్టారూ."

పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు సంగతి మీరు పత్రికలలో చదివే ఉంటారు. ఈ ప్రాంతపు కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్యగారి పేరు పెట్టారు. శ్రీశైలం జలాశయంలో కృష్ణకు వరద వచ్చినప్పుడు, కొల్లంవాగు దగ్గరనుంచి నల్లమల కడుపులో తొలిచిన రెండు సొరంగాలగుండా 43.5 టి.ఎం.సి.ల నీరు ఇటు తేవాలని సంకల్పం. ఒక్కొక్క సొరంగం దాదాపు 19 కిలోమీటర్లు. సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల అనే మూడు కనుమ సందులను మూసి నల్లమల సాగరం అనే జలాశయం. దానినుంచి ప్రకాశం, నెల్లూరు, కడప సీమలలో 4.47 లక్షల ఎకరాలకు సాగునీరు, 15 లక్షల మందికి త్రాగునీరు. 1996లో శంకుస్థాపన జరిగింది. మొదటి సొరంగం తవ్వకం 2021 జనవరిలో, రెండవది 2024 జనవరిలో ముగిసింది. 2024 మార్చిలో జాతికి అంకితం చేశారు. అయితే సొరంగం తొలచినంతమాత్రాన నీరు పొలానికి రాదు. ముంపు గ్రామాలవారికి ఇళ్ళు చూపాలి, కాలువలకు గట్లు పోయాలి, పిల్లకాలువలు తవ్వాలి. నేను వెళ్ళిన నాటికి అవ్వ ఊరికి ఆ నీరు రాలేదు.

"మా నాయన పెళ్ళయిన ఏడే శంకుస్థాపన," అన్నాడు కుర్రవాడు. "నేను పుట్టి, చదివి, డిగ్రీ తప్పి, కోతకు పోతన్నా." అని తానే నవ్వేశాడు.

సోమవారం

తెల్లవారుజామున మూడున్నరకు అవ్వ లేచి కూర్చుంది. కాగితాల సంచీ ఎదకు హత్తుకుని, ఒక్కొక్కటీ తీసి మనుమడికి ఇచ్చింది. పట్టాదారు పాసుపుస్తకం, పాత అడంగలు నకలు, శిస్తు కట్టిన రసీదులు. 1968 నాటి రసీదు ఒకటి ఉన్నది. ఆ కాగితం మడతలవెంట నాలుగు ముక్కలయింది. అన్నం మెతుకుతో అంటించింది.

మొదటి బస్సు పట్టుకుని ఒంగోలు చేరేసరికి తొమ్మిదిన్నర. అర్జీదారులు అప్పటికే వరుసలో ఉన్నారు. గిద్దలూరు నుంచి ముందురోజు రాత్రే వచ్చి బస్టాండులో పడుకున్నవాళ్ళు కొందరు. ఒకామె చంకలో బిడ్డతో, ఒకాయన చేతికర్రతో. అధికారులు మర్యాదగానే మాట్లాడారు. మా కాగితాలు చూచి, నకళ్ళు తీసుకుని, నంబరు వేసి రసీదు ఇచ్చారు. మండలంనుంచి నివేదిక రావాలి, మళ్ళీ కబురు చేస్తామన్నారు. పన్నెండున్నరకు బయట పడ్డాం.

కుర్రవాడు ఆ రసీదును చూచి, వ్రేళ్ళు మడిచి లెక్క వేశాడు. బస్సు ఛార్జీలు, నకళ్ళు, మూడు రోజుల కూలి. "ఒక టిక్కీకి మించి కోసి ఉందును మాస్టారూ" అన్నాడు. నేను హోటలులో భోజనం పెట్టిస్తానన్నాను. అన్నం ముందు కూర్చుని, గ్లాసెడు నీళ్ళు ఒక్క గుక్కలో త్రాగి, "ఇక్కడ నీళ్ళు బాగుంటాయి" అన్నాడు. పల్లెంలో పప్పు, కూర, వేపుడు అన్నీ ఉన్నాయి. వాడు మెచ్చుకున్నది నీళ్ళను.

ఇద్దరం హైవేమీద బస్సెక్కి మా ఊరు వచ్చేశాం. గంటన్నర పట్టింది.

ఇంటికి వచ్చాక

ఆ వేసవిలో కుర్రవాడు ఫోను చేశాడు. మండలంనుంచి సర్వేయరు వచ్చి కొలిచి వెళ్ళాడు. జూలైలో రెండవసారి ఒంగోలు వెళ్ళాడు. సెప్టెంబరులో అవ్వ భూమి ఆ జాబితాలోనుంచి తీసివేసినట్లు కబురు వచ్చింది. అప్పటికి చెల్లెలి ఫీజు గడువు దాటింది. వడ్డీకి తెచ్చి కట్టారు. అయినా కాగితం వచ్చింది. అవ్వ దానిని ఆ 1968 రసీదు ప్రక్కనే పెట్టుకున్నదట.

2025 నవంబరులో మరొక వార్త వచ్చింది. మార్కాపురం కేంద్రంగా, మార్కాపురం, యర్రగొండపాలెం, గిద్దలూరు, కనిగిరి ప్రాంతాలతో వేరే జిల్లా ఏర్పాటు చేయాలని ప్రభుత్వం నిర్ణయించింది. ఆ సాయంత్రమే కుర్రవాడు ఫోను చేశాడు.

"మాస్టారూ, మా జిల్లా మాకే వస్తందంట. ఇక గంట ప్రయాణమే!"

"సంతోషం. అవ్వ ఏమన్నది?"

"మూడు జిల్లాలు చూసినా, నాలుగోది చూస్తా అన్నది. కలెక్టరు దగ్గరికొస్తే మంచిదే, ఆయన వెనకనే నీళ్ళు గూడా తోలుకొస్తాడా అని అడగమన్నది మిమ్మల్ని."

నేను జవాబు చెప్పలేదు. భూగోళం పంతులుకు తెలిసింది ఒక్కటే. పటంమీద గీత జరపడానికి ఒక కలం చాలు. మిట్టకు నీరు ఎక్కించడానికి కొండ తొలచాలి. కొండను తొలిచారు. తొలిచిన దానిలోనుంచి నీరు రావాలి.

సంక్రాంతి వెళ్ళింది. కల్లాలు మళ్ళీ ఎర్రబడ్డాయి. పడమటివాళ్ళు వచ్చారు. మా ఆవిడ మొన్న బజారునుంచి నాలుగు కొత్త క్యానులు కొనితెచ్చింది. ఎందుకే అన్నాను.

"ఉండనీండి" అన్నది.